పులవని పెరుగు

పెద్ద వరద వచ్చి పోయిన తొమ్మిదో ఏడు జరిగింది ఇది. మా వీధిలో ఏ సంగతైనా వరదకు ముందా తరవాతా అనే లెక్క. టైలరమ్మ కాపురానికొచ్చింది వరదకు ముందు ఏడు. నా భార్య పోయింది వరద తరవాత రెండో ఏడు. మనవరాలు పుట్టింది మూడో ఏడు. ఇది తొమ్మిదో ఏడు, ఎండలు ఇంకా ముదరలేదు.

నేను సీసం కొలిమిలో పనిచేశాను. ముప్పై ఒక్క ఏళ్ళు. పాత బ్యాటరీలు లారీల మీద వచ్చేవి. గొడ్డలితో పెంకు పగలగొట్టి, యాసిడ్ కాలవలోకి వంచేసి, లోపలి పలకలు తీసి కొలిమిలో వేసేవాళ్ళం. కరిగిన సీసం మీద తెట్టు కడుతుంది. దాన్ని గరిటెతో తీసేసి కిందది అచ్చుల్లో పోస్తే దిమ్మలు. చెప్పడానికి ఇంతే పని. చెయ్యడానికి ఒళ్ళంతా కావాలి.

పొగగొట్టం మొదట్లో గుడ్డ సంచులు ఉండేవి, దుమ్ము పట్టడానికి. సంచులుంటే కొలిమి గాలి పీల్చదు, మంట మందగిస్తుంది. మేస్త్రీ తియ్యమనేవాడు, నేను తీసేవాణ్ణి. అధికారులు వస్తున్నారంటే తగిలించమనేవాడు, తగిలించేవాణ్ణి. ఎందుకని నేను అడగలేదు, అడిగితే చెప్పేవాళ్ళూ లేరు. మాకు రోజూ తలా ఒక గ్లాసు పాలు ఇచ్చేవారు. పాలు తాగితే సీసం కొట్టుకుపోతుందని. మాతో కలిసి చేరినవాళ్ళలో ఒకడికి మణికట్టు జారిపోయింది, చెయ్యి ఎత్తితే వేళ్ళు కిందికి వేలాడేవి. ఒకడికి మతి చెడింది. నాకు చిగుళ్ళ వెంబడి నల్లటి గీత పడింది, నెలకోసారి కడుపు మెలిపెట్టేది. పాలు మాత్రం ఎవ్వరం మానలేదు.

వరద మా వీధిలో నాలుగు రోజులు నిలబడింది. నడుం లోతు. నీళ్ళు తీశాక ఇళ్ళల్లో మిగిలినవి గోడలూ, ఇత్తడి గిన్నెలూ. చెక్క కుళ్ళింది, గుడ్డ కుళ్ళింది, ఇత్తడికేం కాదు కదా. కానీ బురదలో నాని లోపలి కళాయి, ఆ తెల్లటి తగరం పూత, లేచిపోయింది. కళాయి లేని ఇత్తడిలో పాలు పోసినా పెరుగు తోడేసినా పచ్చగా చిలుమెక్కుతుంది, తింటే వాంతులు. కళాయి వేసేవాడు అంతకు ముందు ఏడాదికోసారి సైకిలు మీద కొలిమి తిత్తి కట్టుకుని వచ్చేవాడు. వరద తరవాత రాలేదు. ఏమయ్యాడో ఎవరూ కనుక్కోలేదు. ఎవరి బురద వాళ్ళకుంది.

మా ఇంటి గిన్నెకు నేనే వేశాను. చూసి నేర్చుకున్న పనే. గిన్నెను ఇసకతో తోమి, బొగ్గుల మీద కాల్చి, నవాసాగరం పొడి చల్లితే తెల్లటి పొగ లేస్తుంది. ఆ వేడి మీద తగరం ముక్క రాసి, దూదితో గబగబా తుడిస్తే అద్దంలా పరుచుకుంటుంది. తగరం నా దగ్గర లేదు. సీసం ఉంది. అన్నం డబ్బా అడుగున ఇంత ముక్క పడేసుకుని వస్తే ఎవరూ పట్టించుకునేవారు కాదు. పాత డబ్బాల అతుకులు కరిగిస్తే కాస్త తగరం దొరికేది. మూడు పాళ్ళ సీసంలో ఒక పాలు అది కలిపితే చక్కగా పారింది.

సీసం చెడ్డదని నీకు తెలియదా అని తరవాత చాలామంది అడిగారు. తెలుసు. కానీ మాకు తెలిసిన చెడు పొగలో ఉంది, దుమ్ములో ఉంది. చల్లారి గట్టిపడి మెరుస్తున్న సీసాన్ని చూసి మేం భయపడింది లేదు. ఆరిపోయిన బొగ్గును చూసి ఎవరు భయపడతారు?

మా గిన్నె చూసి పక్కింటివాళ్ళు తెచ్చారు. వాళ్ళది చూసి ఎదురింటివాళ్ళు. ఆదివారం వస్తే మా గుమ్మం ముందు గిన్నెల బారు. ఊరికే వేశాను అందరికీ. నాకు మనుషులతో మాట్లాడటం చేతకాదు. పెళ్ళికి వెళ్ళినా, చావుకి వెళ్ళినా ఓ పక్కన నిలబడి వచ్చేస్తాను. కళాయి వేసి ఇచ్చినప్పుడు మాట్లాడక్కర్లేదు. గిన్నె ఇస్తే వాళ్ళు నవ్వుతారు, అయిపోతుంది. అప్పటినుంచి నా పేరు కళాయి తాత. మా వీధి చివర మిషను కుట్టే టైలరమ్మ అనేది, "బాబాయ్ గిన్నెలకే కాదర్రా, నోటికి కూడా కళాయి వేసుకున్నాడు, మాట అంటుకోకుండా జారిపోతుంది" అని.

కొన్నాళ్ళకు ఆడవాళ్ళు ఓ సంగతి కనిపెట్టారు. నేను కళాయి వేసిన గిన్నెలో పెరుగు పులవదు. రెండో రోజు కూడా కమ్మగా ఉంటుంది. "తాత చేతి మహిమ" అన్నారు. వెనక వీధిలో వాళ్ళ చుట్టాలకు ఆ మాట గొప్పగా చెప్పుకున్నారు. వెనక వీధి కాస్త మెరక, వరద అక్కడిదాకా రాలేదు, వాళ్ళ గిన్నెలు బాగానే ఉన్నాయి. కాబట్టి వాళ్ళెవరూ నా దగ్గరికి రాలేదు.

నేను కొలిమి మానేసి ఈ తొమ్మిదో ఏటికి రెండేళ్ళు. చేతులు వణికి గరిటె ఆగేది కాదు, ఇంక రావద్దన్నారు. కొడుకు లారీ మీద వెళ్తే పదిహేను రోజులకు వచ్చేవాడు. ఇంట్లో నేనూ, కోడలూ, మనవరాలూ. మనవరాల్ని పిచ్చుక అనేవాళ్ళం. తిండి అంత మాత్రమే.

ఆ పిల్లకు నాలుగో ఏట నుంచి కడుపునొప్పి. ముడుచుకుని పడుకునేది. మొహం పాలిపోయి ఉండేది. బడిలో వేశాక టీచరమ్మ పిలిపించి, "ఇవాళ నేర్పింది రేపటికి ఉండట్లేదండీ, ఒకచోట కూర్చోదు" అంది. కోడలు ఇంటికొచ్చి ఆ పిల్లను నాలుగు బాదింది. తరవాత ఆవిడే ఏడ్చింది. ఒక్క మా ఇల్లే కాదు. టైలరమ్మ కొడుక్కి ఫిట్స్. ఎదురింటి కవలలకు తొమ్మిదేళ్ళొచ్చినా ఇరవై దాటి లెక్కపెట్టడం రాదు. మా వీధి పిల్లలు మొద్దులని బడిలో పేరు.

ఆ ఏడు చలికాలంలో ఒక నర్సు వచ్చింది. చిన్న వయసే, మోపెడ్ మీద తిరిగి తిరిగి మొహం పీక్కుపోయి ఉండేది. పిల్లల వేళ్ళు పొడిచి నెత్తురు తీసుకుపోయింది. వారం తిరిగాక కాగితాలు తెచ్చి ఇల్లిల్లూ చెప్పింది. నెత్తుట్లో సీసం ఉందట. ఐదు దాటకూడదట. పిచ్చుకకు ముప్పై నాలుగు. సీసం ఎముకల్లోకీ మెదడులోకీ పోతుందని, పిల్లలకే ఎక్కువ పడుతుందని, కడుపులో బిడ్డ ఉంటే తల్లి నుంచి బిడ్డకు పోతుందని చెప్పింది. చదువు రాకపోవడం పిల్లల తప్పు కాదంది. అప్పుడు కోడలు లోపలికెళ్ళి తలుపేసుకుంది.

ఎక్కడినుంచి వచ్చింది అంటే ఎవరూ ఆలోచించలేదు. ఇంటి వెనక నుంచి చూస్తే పొగగొట్టం కనబడుతూనే ఉంది. టైలరమ్మ కుట్టుపని పక్కన పెట్టి అర్జీ రాసింది. ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించింది. కొలిమి ఊరికి దూరంగా తీసేయాలని. కొలిమివాళ్ళు తమ మనిషిని పంపి, పిల్లలు మన్ను తింటారు, దానికి మేమేం చేస్తాం అనిపించారు. ఆవిడ వదల్లేదు. నాలుగు నెలలు తిరిగితే ఒక అధికారి వచ్చి ఇరుపక్షాలూ వింటానన్నాడు. రాబోయే శుక్రవారం.

ఆ నాలుగు నెలలూ నర్సు చెప్పినట్టే చేశాం. నా పాత పనిబట్టలు తగలేశాం. రోజుకు రెండుసార్లు నేల తడిగుడ్డతో తుడిచాం. గోడ పెచ్చులు గీకి సున్నం వేశాం. పిల్ల చేతులు కడిగి కడిగి తోలు లేచింది. అధికారి వచ్చే ముందు వారం నర్సు మళ్ళీ నెత్తురు తీసింది. మంగళవారం పొద్దున కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చి అరుగు మీద కూలబడింది.

"ముప్పై తొమ్మిది" అంది.

కోడలు, "తగ్గిందా అండీ?" అంది. పాపం, ఆవిడకు ముందటి అంకె గుర్తులేక కాదు.

"పెరిగిందమ్మా." నర్సు నా వైపు తిరిగింది. "తాతగారూ, నాకేం అర్థం కావట్లేదు. వెనక వీధి కొలిమికి ఇంకా దగ్గర. గాలి కూడా అటే. అక్కడ పిల్లలకు పదకొండు, పదమూడు. మీ వీధిలో ముప్పైకి తక్కువ ఒక్కళ్ళూ లేరు. పొగైతే ఈ వీధి, ఆ వీధి అని చూడదు కదా."



ఆవిడ లేచి ఇల్లంతా చూసింది. నీళ్ళ డ్రమ్ము చూసింది, పిల్ల పెన్సిళ్ళు చూసింది, పొయ్యి చూసింది. "వెనక వీధిలో లేనిది మీ ఇంట్లో ఏముంది?" అంది.

"వాళ్ళకు రెండు గదులు, మాకు ఒకటిన్నర" అంది కోడలు.

నర్సుకు నవ్వొచ్చింది. "ఏం తింటుంది పాప?"

"ఏం తింటుందండీ. పెరుగుంటే నాలుగు ముద్దలు. అదీ వాళ్ళ తాత గిన్నెలోదే కావాలి. గాజు గిన్నెలో తోడేస్తే ముట్టదు."

పిచ్చుక గడప మీద కూర్చుని ఉంది. "తాత గిన్నెలోది తియ్యగా ఉంటుంది" అంది.

"పంచదార వేస్తారా?" అంది నర్సు.

"లేదండీ. దానికలా అనిపిస్తుంది."

నర్సు అలమర వైపు చూసి, "గిన్నెలు అద్దాల్లా పెట్టుకున్నారమ్మా, శుభ్రంలో మీకు వంక పెట్టడానికి లేదు" అని, ఇంకో ఇంటికి పోయింది.

నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. కొలిమిలో పెద్దవాళ్ళకు తెలిసిన ముచ్చట ఒకటుంది. సీసానికి పులుపు తగిలితే తీపి పుడుతుంది. ఒకసారి మాలో ఒకడు పందెం వేసి సీసం పలక మీద నిమ్మకాయ పిండి, ఎండలో పెట్టి, మర్నాడు నాకి చూపించాడు. "తీపేరా" అన్నాడు. మూడు రోజులు కడుపు పట్టుకుని దొర్లాడు. మేం నవ్వుకున్నాం. ఆ ముచ్చట నేను ఎన్నడూ మరిచిపోలేదు. గిన్నెకు కళాయి వేస్తున్నప్పుడు మాత్రం ఒక్కసారీ గుర్తుకు రాలేదు.

కోడలు పెరట్లోకి వెళ్ళగానే గిన్నె తీశాను. పెరుగు బూడిద కుప్పలో పోసి, గిన్నె మంచం కింద పెట్టె వెనక దాచాను. లోపల పెరుగు నిలబడే చోట కళాయి మసకబారి ఉంది, పైన ఇంకా మెరుస్తోంది. కళాయిని పెరుగు తినేసింది. పెరుగును పిల్ల తినేసింది.

గిన్నె ఏదని కోడలు అడిగింది. కారుతోందన్నాను. రాత్రి పిచ్చుక గాజు గిన్నె తోసేసి, ఏడ్చి, ఏమీ తినకుండా పడుకుంది.

నాకు తోచిన ఉపాయం ఒకటే. మర్నాడు బుధవారం పొద్దున్నే బయల్దేరాను. "గిన్నె ఇవ్వండి, మళ్ళీ కళాయి వేస్తాను" అని ఇల్లిల్లూ అడిగాను. తీసుకొచ్చి ఓ గోనెలో వేసేస్తే, ఇంక ఇవ్వకపోతే, ఏదో ఒకటి అవుతుందనుకున్నాను. ఏమవుతుందో ఆలోచించలేదు.

"ఇదేంటి బాబాయ్, బేరం ఇంటికే వచ్చింది!" అంది ఒకావిడ.

"గిన్నెతో పాటు మా ఆయన్ని కూడా ఇస్తాను, కాస్త మెరుగు పెట్టి పంపు" అంది కవలల తల్లి.

"ఆయనకి అడుగే పోయింది, కళాయి ఆగదు" అని పక్కావిడ.

టైలరమ్మ మిషను మీద నుంచి తల ఎత్తకుండానే, "అదిగో అక్కడుంది తీసుకో బాబాయ్, మధ్యాహ్నానికి ఇచ్చెయ్యి" అంది. మొత్తం తొమ్మిది గిన్నెలు ఇచ్చారు. మిగిలినవాళ్ళ గిన్నెల్లో పెరుగుంది, తరవాత ఇస్తామన్నారు.

మధ్యాహ్నం నుంచి రావడం మొదలుపెట్టారు. పాలు కాచి కూర్చున్నాం బాబాయ్, తోడు వేసుకోవాలి, అయిందా? బొగ్గులు అంటుకోలేదన్నాను. నవాసాగరం తడిసిందన్నాను. నాకు అబద్ధాలు కూడా అలవాటు లేదు, రెండు ఆడేసరికి అయిపోయాయి. "పోనీలే, పాత కళాయే భేషుగ్గా ఉంది, ఇంకోసారి వేద్దువుగాని" అని ఎవరి గిన్నె వాళ్ళు తీసుకుని పోయారు. చేతిలోంచి ఎలా లాక్కోను? పొద్దు వాలేసరికి ఎనిమిది పోయాయి. టైలరమ్మది ఒక్కటే మిగిలింది.

ఆవిడ మెడలో టేపు వేసుకునే వచ్చింది. "ఏంటి, అందరూ వట్టి గిన్నెలే పట్టుకెళ్తున్నారు? ఒంట్లో బాగాలేదా బాబాయ్?"

గిన్నె నా ఒళ్ళో ఉంది. "ఇది నీకు ఇవ్వను" అన్నాను.

"అదేంటి?"

చెప్పాను. మూడు పాళ్ళు సీసం, ఒక పాలు తగరం. పులుపు. తీపి. నర్సు అడిగిన ప్రశ్న. ఎంతసేపు పట్టిందో తెలియదు. నా జన్మలో ఒక్కసారిగా అన్ని మాటలు ఆడింది అదే.

ఆవిడ నిలబడే వింది. అయ్యాక గుమ్మం మీద కూర్చుంది. టేపు రెండు చేతులతో పట్టుకుని వేలికి చుట్టి విప్పింది, మళ్ళీ చుట్టింది.

"మా వాడికి ఫిట్స్ వచ్చినప్పుడల్లా, లేచాక ఏం పెడతానో తెలుసా?" అంది. నేను తల దించుకున్నాను. "చల్లగా ఉంటుందని పెరుగు పెడతాను."

గొంతు తగ్గించింది. "ఇంకెవరికి చెప్పావు?"

"ఎవరికీ లేదు."

"చెప్పకు."

నేను చూశాను.

"శుక్రవారం దాకా చెప్పకు. ఎల్లుండే కదా. నువ్వు ఇవాళ నోరు తెరిస్తే రేపటికి కొలిమివాళ్ళకు తెలుస్తుంది. శుక్రవారం ఆ మేస్త్రీ వచ్చి, అయ్యా మా పొగ కాదు, వాళ్ళ తాత వేసిన కళాయి అంటాడు. అధికారి కాగితం మూసేస్తాడు. కొలిమి ఇంకో యాభై ఏళ్ళు ఇక్కడే. వెనక వీధి పిల్లలకు పదమూడు అంటే మంచిదా? ఐదు ఉండాలన్నారు కదా? అది పొగది కాదూ?"

"పొగదే" అన్నాను. సంచుల సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుసు.

"మరి? తొమ్మిదేళ్ళు తిన్నారు. రెండు రోజుల్లో కొత్తగా ఏం మునుగుతుంది? శుక్రవారం సాయంత్రం నేనే నీ పక్కన నిలబడి అందరికీ చెప్తాను. నా గిన్నె మాత్రం నీ దగ్గరే ఉంచు."

"నీ వాడు తినడు. మిగతావాళ్ళు తింటారు."

ఆవిడ మొహం నల్లబడింది. "నన్ను చెడ్డదాన్ని చెయ్యకు బాబాయ్. చేసింది నువ్వు."

నిజమే. ఆవిడ లెక్కలో తప్పు కూడా కనబడలేదు. "సరే" అన్నాను. సరే అనడం నాకు ముప్పై ఏళ్ళ అలవాటు. సంచులు తియ్యమంటే సరే, తగిలించమంటే సరే. ఆవిడ వెళ్ళిపోయింది. నేను ఆ గిన్నె కూడా మంచం కింద తోశాను. ఇంక ఎవరూ ఏమీ అడక్కపోతే బాగుండు అనుకున్నాను.

దీపాలు పెట్టే వేళకు పక్కింటి అమ్మాయి వచ్చింది. మొదటి కాన్పు, ఏడో నెల. నడుం మీద ఒక చెయ్యి, రెండో చేతిలో గిన్నె.

"అక్కా, మీ గిన్నె కారుతోందటగా. రాత్రి పిచ్చుక ఏడుపు మా ఇంట్లోకి వినబడింది. ఇదిగో మా గిన్నెలోది. ఇదీ తాత కళాయే, దానికి తేడా తెలీదు." నా వైపు చూసి నవ్వింది. "నాకు కూడా ఇప్పుడు ఇంకేదీ సయించట్లేదు తాతా. పూటకి ఇంత గిన్నె లాగించేస్తున్నాను. మా అత్తగారు మనవడు తెల్లగా పుడతాడంటోంది."

పిచ్చుక లేచి పరిగెత్తుకొచ్చింది. వాళ్ళమ్మ గిన్నె అందుకోకముందే వేలు ముంచింది.

నేను లేచింది నాకే తెలియదు. పిల్ల చెయ్యి పట్టుకుని నా పంచెతో తుడిచేశాను. గిన్నె లాక్కుని పెరటి గుమ్మంలోంచి విసిరేశాను. ఇత్తడి రాళ్ళ మీద పడి మోగింది. పిచ్చుక బిక్కచచ్చి, తరవాత గుక్కపెట్టింది. ఆ అమ్మాయి పొట్ట మీద చేతులు పెట్టుకుని గోడకు అంటుకుపోయింది. నేను ఏ పిల్లల మీదా ఎన్నడూ చెయ్యెత్తినవాణ్ణి కాదు.

"మావయ్యా!" అంది కోడలు. "మతి పోయిందా మీకు?"

ఇంక దాచడానికి లేదు. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమైంది. ఆ అమ్మాయి పూర్తిగా వినకుండానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పోయింది. గోడ అవతల కక్కుకుంటున్న చప్పుడు వచ్చింది. నెలల తరబడి తిన్నది ఒక్క వాంతితో వస్తుందా.

కోడలు ఏడవలేదు. తిట్టలేదు. తిడితే బాగుండేది. పిల్లను చంకనేసుకుని అలాగే నిలబడింది.

"నేనే పెట్టాను" అంది. "చాలంటున్నా బతిమాలి పెట్టాను. చదువు రాలేదని కొట్టి, కొట్టినందుకు ఇంకో గరిటె వేశాను."

పిల్ల తల మీదుగా నా వైపు చూసింది.

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"నిన్న. నర్సమ్మ వచ్చి వెళ్ళాక."

"నిన్న" అంది. వేళ్ళు మడిచింది. "నిన్న మధ్యాహ్నం, రాత్రి. ఇవాళ పొద్దున, మధ్యాహ్నం. కడుపుతో ఉన్న ఆ పక్కింటి పిల్ల నాలుగుసార్లు తినుంటుంది మావయ్యా. గోడకి ఇవతల మీరు కూర్చునే ఉన్నారు."

అంతే అంది. పిల్లను జోకొడుతూ లోపలికి పోయింది. టైలరమ్మ అడిగిన దానికి జవాబు నాకు అప్పుడు దొరికింది. రెండు రోజుల్లో ఏం మునుగుతుందీ అంది కదా. ఇల్లిల్లూ, పూట పూటా, ఎన్ని గరిటెలో లెక్క వేస్తే తెలుస్తుంది. నేను ఆ లెక్క వేస్తూ పడుకున్నాను. కవలలు ఇద్దరు. కుళాయి పక్కింట్లో ముగ్గురు. మధ్య ఇంట్లో పాకే పిల్లాడు, ఇప్పుడిప్పుడే అన్నం పెడుతున్నారు.

మర్నాడు పొద్దున కుళాయి వచ్చే వేళకు సుత్తీ ఉలీ తీసుకుని వీధి కుళాయి దగ్గరికి వెళ్ళాను. రెండు గిన్నెలు చంకలో పెట్టుకున్నాను, మాదీ టైలరమ్మదీ. పెరట్లో పడ్డది కూడా ఏరుకుని వెళ్ళాను. బిందెల వరస అప్పటికే కాలవ దాటింది.

"నేను ఒక మాట చెప్పాలి" అన్నాను. ఎవరూ వినలేదు. నా గొంతు వాళ్ళకు అలవాటు లేదు. కుళాయి కట్టేశాను.

"ఓయ్ బాబాయ్, నీళ్ళు!" అని అరిచారు.

"మీ గిన్నెల్లో కళాయి సీసం" అన్నాను. "తగరం కాదు. సీసం. నేనే వేశాను. కొలిమి నుంచి తెచ్చి వేశాను. పెరుగు పులవకపోవడం నా చేతి మహిమ కాదు, సీసమే. పిల్లల నెత్తుట్లో ఉన్నది అదే. పొగా ఉంది. పొగ కూడా నాకు తెలుసు, సంచులు తీసింది నేనే. అదీ శుక్రవారం చెప్తాను. కానీ గిన్నెలు ఇవాళే తీసెయ్యండి. ఇప్పుడే. ఆ పెరుగు పారబొయ్యండి."

ఎవరో నవ్వారు, వేళాకోళం అనుకుని. కవలల తల్లి నవ్వలేదు. బిందె కింద పెట్టి నా దగ్గరికి వచ్చింది. "మా వాళ్ళు పుట్టి తొమ్మిదేళ్ళు" అంది. "తొమ్మిదేళ్ళూ నీ గిన్నే." నా భుజం మీద చేత్తో కొట్టింది. ఇంకోసారి కొట్టింది. నేను అలాగే నిలబడ్డాను. తరవాత ఆవిడ ఇంటివైపు పరిగెత్తింది, గిన్నె తేవడానికి.

నేను కుళాయి గట్టు మీద కూర్చున్నాను. పక్కింటి అమ్మాయి గిన్నె బోర్లించి, అడుగున ఉలి పెట్టి కొట్టాను. చేతులు వణికి మొదటి దెబ్బ పక్కకు పోయింది. రెండో దెబ్బకు దిగింది. ఆ తరవాత మాది. ఒక్కొక్కరే తెచ్చి పడేశారు. కొందరు తిట్టి పడేశారు, కొందరు ఏమీ అనకుండా. ఒక ముసలావిడ, "మా అమ్మ ఇచ్చింది రా, కడుక్కుని ఉంచుకుంటాను" అని గుండెలకు పెట్టుకుంది. కడిగితే పోదమ్మా అన్నాను. ఆవిడ మనవడే ఆ గిన్నె లాగి నా ముందు పెట్టాడు.

టైలరమ్మ ఎప్పుడు వచ్చిందో చూడలేదు. తల ఎత్తితే ఎదురుగా ఉంది.

"రేపు మనం ఓడిపోతే నీ మొహం చూడను" అంది.

"సరే" అన్నాను.

"సంచుల సంగతి చెప్తానన్నావుట. ఆ మేస్త్రీ ఎదురుగా చెప్తావా?"

"చెప్తాను."

ఆవిడ నా పక్కనున్న తన గిన్నె చూసింది. "దాన్నీ కొట్టు" అని, వరసలో తన బిందె ఉన్న చోటికి వెళ్ళి నిలబడింది. ఎవరో కుళాయి తిప్పారు.

ఎండ ఎక్కేదాకా అక్కడే కూర్చుని కొట్టాను. లెక్క చూసుకుంటే ముప్పై నాలుగు. వరద నుంచి ఇప్పటిదాకా నేను కళాయి వేసినవి ముప్పై ఏడు. సుత్తీ ఉలీ పట్టుకుని, మిగిలిన మూడింటి కోసం ఇళ్ళకు బయల్దేరాను.